డబ్బా మీద ఏమి వ్రాసి ఉన్నది?



ఈ నెల ఈ పేజీలో కారు కడుక్కోవడం గురించి, దానికి మైనం పూయడం గురించి వ్రాస్తున్నామంటే కొందరు నవ్వుకొంటారని మాకు తెలుసు. సంఘ కాపరికి కారు మైనంతో ఏమి పని అని అడుగుతారు. పని పడింది. అది ఎట్లా పడిందో ముందుగా ఒప్పుకొంటేనే గాని మిగతా మాటలు చెప్పే యోగ్యత మాకు రాదు.

తుర్కయంజాల్‌లోని మా సంఘంలో ఒక సహోదరి ఉన్నారు. ఆమె భర్త ఐదేళ్ల క్రితం ప్రభువు సన్నిధికి వెళ్లిపోయినారు. ఆయన 2004లో కొన్న ఎర్ర మారుతి 800 ఆ ఇంటి ముందు ఇంకా ఉన్నది. పదిహేనేళ్లు నిండిన తరువాత కూడా రిజిస్ట్రేషను పొడిగించుకొంటూ దానిని నిలుపుకొన్నారు. ఆయన బ్రతికి ఉన్నన్నాళ్లు ప్రతి శనివారం సాయంత్రం బకెట్టు, గుడ్డ పట్టుకొని ఆ కారు దగ్గర కూర్చునేవారు. మర్నాడు ఆరాధనకు ఇల్లంతా అందులోనే వచ్చేవారు. ఇప్పుడు కూతురి పెండ్లి కుదిరింది. తండ్రి లేని బిడ్డను తండ్రి కారులోనే మందిరానికి తీసుకొని రావాలని ఆ తల్లి కోరిక.

పెండ్లికి రెండు వారాల ముందు కొడుకు మా ఇంటికి వచ్చినాడు. డిగ్రీ చదివే పిల్లవాడు. "అయ్యగారూ, నాన్న కారు మెరవాలి. ఏమి రాయమంటారు?" అని అడిగినాడు. మా అల్మరాలో ఒక డబ్బా ఉన్నది. మేము పాత కారు కొన్నప్పుడు దానితో పాటు వచ్చినది. మూత తీసి చూస్తే తెల్లటి ముద్ద. కళ్లద్దాలు కూడా పెట్టుకోకుండానే, "ఇది పాలిష్ బాబూ, తీసుకొని పో. గట్టిగా రుద్దితే అద్దంలాగా వస్తుంది" అన్నాము.

అది మైనం కాదు, పాలిష్ కూడా కాదు. రబ్బింగ్ కాంపౌండ్.

పాపం ఆ పిల్లవాడు మా మాట మీద పొద్దుటి నుండి సాయంత్రం దాకా రుద్దినాడు. గుడ్డకు ఎర్రగా అంటుతుంటే ఏళ్ల మురికి వదులుతున్నదని సంతోషించి ఇంకా గట్టిగా రుద్దినాడు. అది మురికి కాదు, రంగు. బానెట్ అంచుల వెంట, తలుపు మీది గీత వెంట కింది బూడిద రంగు ప్రైమర్ బయట పడిన తరువాత గాని అతనికి అర్థం కాలేదు. రాత్రి తొమ్మిది గంటలకు వచ్చి మా గుమ్మంలో మాట లేకుండా నిలబడ్డాడు.

మేము వెంటనే వెళ్లినాము. ఆ సహోదరి మమ్మల్ని ఒక్క మాట అనలేదు. "రంగు పోతే పోయింది అయ్యగారూ. ఆయన చెయ్యి తగిలిన రంగు కదా అని..." అని అంతటితో ఆపేసినారు. తప్పు మీ అబ్బాయిది కాదమ్మా, చదవకుండా ఇచ్చిన మాది అని చెప్పి క్షమాపణ అడిగినాము. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ఆ తరువాతనే ఈ సంగతులన్నీ శ్రద్ధగా నేర్చుకొన్నాము. ముందే నేర్చుకోవలసినది.

మన బజారులో పెద్ద చిక్కు ఏమిటంటే, మూడు వేరు వేరు వస్తువులను ఒకే పేరుతో పిలుస్తారు. దిల్‌సుఖ్‌నగర్‌లోనైనా, ఎల్.బి. నగర్‌లోనైనా దుకాణంలో "పాలిష్ ఇవ్వండి" అని అడిగితే మూడింటిలో ఏదైనా చేతికి రావచ్చు. కాంపౌండ్ అనేది గరకు పొడి కలిపిన ముద్ద. నీళ్ల కాగితంతో గీకినట్లే రంగును పలుచగా కోసి, గీతలను పోగొడుతుంది. పాలిష్‌లో కూడా అటువంటి పొడే ఉంటుంది గాని మరీ సన్ననిది. మైనం, అనగా వ్యాక్స్, ఏమీ తీయదు. పైన పొరగా నిలిచి ఎండను, నీటిని, పక్షి రెట్టను కొంత ఆపుతుంది. మొదటి రెండు తీసేవి, మూడవది పెట్టేది. ఈ ఒక్క తేడా తెలిసి ఉంటే మేము ఆ పని చేసి ఉండేవారము కాము. "క్లీనర్ వ్యాక్స్" అని వ్రాసిన సీసాలు కూడా ఉన్నవి. వాటిలో మైనంతో పాటు కొంచెం గరకు ఉంటుంది గనుక నెల నెలా వాడదగినవి కావు.

ఇంట్లో పరీక్ష కావాలంటే చిటికెడు ముద్ద రెండు వేళ్ల మధ్య నలిపి చూడండి. సన్నని ఇసుక తగిలినట్లుంటే అది కోసేది. మెత్తగా ఉన్నంత మాత్రాన నమ్మవద్దు, సన్న పాలిష్ వేళ్లకు తెలియదు. అప్పుడు డబ్బా మీద చదవవలసిందే. "రబ్బింగ్", "కాంపౌండ్", "కట్" అనే మాటలు ఎక్కడ కనబడినా పక్కన పెట్టండి. చదివిన తరువాత కూడా తలుపు కింది భాగంలో, ఎవరికీ కనబడని చోట కొంచెం రాసి చూడండి. పాత కార్లలో చాలా వాటికి పైనుండి కింది వరకు ఒకటే రంగు, గనుక రంగు గుడ్డకు అంటుతుంది. ఈ కాలపు కార్లకు రంగు మీద పారదర్శకమైన పొర ఒకటి వేస్తారు. అందుచేత గుడ్డకు ఏమీ అంటదు. అరుగుతున్నా మనకు తెలియదు. ఆ పొర మందం సుమారు 40 నుండి 50 మైక్రాన్లు, అంటే తల వెంట్రుక కంటే పలుచన. అది అరిగితే మళ్లీ పెరగదు.

అసలు మైనం దేనికి పూయాలి? మెరుపు కొరకు మాత్రమే అయితే దాని మీద ఇంత వ్రాయనక్కరలేదు. పాత నిబంధన కాలంలో సైనికులు తోలు డాళ్లు ఎండి పగలకుండా వాటికి నూనె పట్టించేవారు. యెషయా గ్రంథము 21వ అధ్యాయంలో ఆ సంగతి కనబడుతుంది. దావీదు సౌలు కొరకు విలపించినప్పుడు కూడా నూనె లేని డాలును తలచుకొన్నాడు. కారు మైనం చేసే పని దాదాపు అదే.

మంచి మైనాలలో పేరున్నది కార్నౌబా. బ్రెజిల్ దేశపు ఈశాన్య భాగంలో పెరిగే ఒక తాటి జాతి చెట్టు ఆకుల మీద ఇది పొడిగా ఏర్పడుతుంది. అక్కడి ఎండలకు ఆకులోని తేమ పోకుండా ఆ చెట్టుకు దేవుడు ఇచ్చిన కవచమది. ఆకులు కోసి, ఎండబెట్టి, దులిపి ఆ పొడిని తీస్తారు. తేనె మైనం 62 నుండి 64 డిగ్రీల వేడికే కరిగిపోతే, ఇది 80 డిగ్రీలు దాటితే గాని కరగదు. మన మే నెల ఎండలో బానెట్ మీద చెయ్యి పెట్టి చూసినవారికి ఆ తేడా ఎందుకు ముఖ్యమో చెప్పనక్కరలేదు. అయితే ఒట్టి కార్నౌబా రాయిలాగా గట్టిగా ఉంటుంది గనుక నూనెలు, ద్రావకాలు కలిపే డబ్బాలో పోస్తారు. "వంద శాతం కార్నౌబా" అని డబ్బా మీద ఉంటే, డబ్బా అంతా అదేనని అర్థం కాదు.

ఏ కంపెనీది కొనాలి అని అడిగేవారున్నారు. ఫార్ములా 1, 3ఎం, టర్టిల్ వ్యాక్స్ వంటివి మన నగరంలో దొరుకుతున్నవి. వాక్స్‌పోల్, వేవెక్స్ మన దేశపువి. ఇంటి వాడకానికి వీటిలో ఖరీదైనదే కావాలని లేదు. మా మట్టుకు మేము ముద్ద మైనం చిన్న డబ్బా తెచ్చుకొంటాము. పలుచగా పూస్తే ఒక డబ్బా సంవత్సరానికి పైగా వస్తుంది. ద్రవరూపంలో ఉన్నది త్వరగా పూయవచ్చు, త్వరగా అయిపోతుంది కూడా. ఈ మధ్య "సిరామిక్" అని వ్రాసిన స్ప్రే సీసాలు వచ్చినవి. కొన్ని మైనం కంటే ఎక్కువ నెలలు నిలుస్తున్నవి, కాదనము. కాని వాటి మీద కనబడే "9హెచ్" అనే గుర్తు పెన్సిల్ ములుకుతో గీసి చూసే పరీక్షకు సంబంధించినది. వజ్రమంత గట్టిదనే అర్థంలో దుకాణదారుడు చెబితే నవ్వి ఊరుకోండి.

మైనం కంటే ముందు కడుగుట. మా అభిప్రాయంలో రంగు ఎక్కువగా పాడయ్యేది ఇక్కడే. సాగర్ రోడ్డు మీద ఇబ్రహీంపట్నం వైపు కంకర లారీలు తిరిగే మనకు దుమ్ము అంటే మామూలు దుమ్ము కాదు, రాతి పొడి. మన దక్కను గ్రానైటు రాతిలో స్ఫటికపు రేణువులు ఉంటాయి. అవి కారు రంగు కంటే ఎంతో గట్టివి. పొద్దున్నే పొడి పసుపు గుడ్డతో కారును బరబరా తుడిచే అలవాటు చాలా ఇండ్లలో ఉన్నది. తుడుస్తున్నామని అనుకొంటాము గాని గీస్తున్నాము. ముందు నీళ్లు పోసి దుమ్మును జార్చి, ఆ తరువాత గుడ్డ పెట్టాలి.

గిన్నెలు తోమే సబ్బు, బట్టల సబ్బు పొడి వాడవద్దు. జిడ్డును వదిలించడానికే అవి పుట్టినవి గనుక మనం పూసిన మైనాన్ని కూడా వదిలిస్తాయి. కార్ షాంపూ బకెట్టుకు ఒకటి రెండు మూతలు చాలు, నురగ ఎక్కువ ఉంటే శుభ్రం ఎక్కువ అనుకోవద్దు. రెండు బకెట్లు పెట్టుకోండి, ఒక దానిలో షాంపూ నీళ్లు, ఇంకొక దానిలో గుడ్డ జాడించే మంచినీళ్లు. పైకప్పు నుండి కిందికి రావాలి. చక్రాలు చివర, వేరే గుడ్డతో. మైక్రోఫైబర్ గుడ్డ మంచిది, కింద పడితే మాత్రం ఉతకకుండా మళ్లీ రంగు మీద పెట్టవద్దు. స్నానాల గది ఆసిడ్‌తో చక్రాలు తోమేవారిని మేము కళ్లారా చూసినాము. అది లోహాన్ని తినేస్తుంది. కిరోసిన్, డీజిలు గుడ్డతో తుడిస్తే ఆ పూటకు నిగనిగలాడుతుంది, సాయంత్రానికి ఊరి దుమ్మంతా దాని మీదనే ఉంటుంది. రబ్బరు బీడింగులు కూడా ఉబ్బిపోతాయి.

నీటి మాట ఒకటి. మా వైపు చాలా ఇండ్లు ఇంకా బోరు మీద ఆధారపడినవే. బోరు నీళ్లలో సున్నం పాలు ఎక్కువైతే ఎండలో ఆరినప్పుడు తెల్లటి మచ్చలు పడతాయి. కాబట్టి నీడలో, ఉదయమో సాయంత్రమో కడిగి వెంటనే తుడవాలి. పడిన మచ్చలకు వెనిగర్‌లో అంతే నీళ్లు కలిపి తడి గుడ్డతో అద్ది, తరువాత కడిగితే చాలా వరకు పోతాయి. ఇక పైపు వదిలిపెట్టి కడిగేవారితో ఒక లెక్క. నిమిషానికి పది లీటర్లు వచ్చే పైపు పావుగంట తిరిగితే నూట యాభై లీటర్లు. రెండు బకెట్లతో నలభై లీటర్లలో పని ముగుస్తుంది. 2024 మార్చిలో బెంగళూరు జలమండలి త్రాగునీటితో వాహనాలు కడిగితే ఐదు వేల రూపాయల జరిమానా అని ఉత్తరువు ఇచ్చింది. వేసవిలో పక్కింటివారు ట్యాంకరు కొరకు ఎదురుచూస్తుంటే మన గేటు ముందు నీళ్లు కాలువ కట్టడం ఏ జరిమానా లేకపోయినా బాగుండదు.

మైనం పూసే పద్ధతి సులువే. కారు చల్లగా, పొడిగా ఉండాలి. ఒక్కొక్క పలక తీసుకొని, ఉందా లేదా అన్నంత పలుచగా పూయండి. పొగమంచులాగా మసక కట్టిన తరువాత శుభ్రమైన గుడ్డతో తేలికగా తుడవండి. నల్ల ప్లాస్టిక్ బంపర్లకు, ముందు అద్దానికి తగలనీయవద్దు; ప్లాస్టిక్ మీద తెల్ల మరక పడితే వదిలించడం కష్టం. నీళ్లు చల్లినప్పుడు ముత్యాలలాగా నిలిస్తే మైనం ఉన్నది, పరుచుకొని పోతే అయిపోయిందన్నమాట. మన ఎండలకు రెండు మూడు నెలలు ఆగితే గొప్పే.

కారు లోపలి సంగతి క్లుప్తంగా. డ్యాష్‌బోర్డు మెరిసే స్ప్రే స్టీరింగుకు, బ్రేకు పెడలుకు ఎన్నడూ తగలకూడదు, జారుతుంది. టైరు పాలిష్ కూడా పక్కలకే గాని రోడ్డుకు ఆనే భాగానికి కాదు. అసలు డ్యాష్‌బోర్డుకు తడి గుడ్డ చాలు.

తల్లులకు ముఖ్యంగా చెబుతున్నాము. ఈ ద్రవాలను, కిరోసిన్‌ను కూల్‌డ్రింక్ సీసాలలో పోసి పెట్టవద్దు. పిల్లలకు సీసా తెలుసు గాని లోపలిది తెలియదు. పొరపాటున త్రాగితే వాంతి చేయించే ప్రయత్నం చేయకండి. వాంతిలో అది ఊపిరితిత్తులలోకి పోతే ప్రమాదం పెరుగుతుంది. ఆ సీసా చేత పట్టుకొని నేరుగా ఆస్పత్రికి పరుగెత్తండి.

ఆ ఎర్ర కారు సంగతి మిగిలింది. బానెట్ అంతటికీ కొత్త రంగు వేయాలని పెయింటరు చెప్పినాడు. ఖర్చు మేము పెట్టుకొంటామన్నాము. ఆ సహోదరి వద్దన్నారు. మిగిలిన రంగు కూడా పోతుంది కదా అన్నారు. తుప్పు పట్టకుండా అరిగిన చోట మాత్రం టచప్ రంగు చిన్న సీసా తెచ్చి, మేము, ఆ పిల్లవాడు కలిసి సన్న కుంచెతో వేసినాము. రంగు సరిగా కలవలేదు. పెండ్లి రోజున బానెట్ అంచు వెంట బంతిపూల దండ కట్టినారు. పెండ్లికూతురు ఆ కారు దిగి మందిరం మెట్లు ఎక్కింది.

ఇప్పుడు మూడు నెలలకు ఒక సోమవారం ఆ పిల్లవాడు బకెట్లు సిద్ధం చేసి మాకు ఫోను చేస్తాడు. కొత్త డబ్బా తెరిచే ముందు ఇద్దరిలో ఒకరము దాని మీది అక్షరాలన్నీ పైకి చదవాలని నియమం పెట్టుకొన్నాము. కిందటిసారి మాకు కళ్లద్దాలు అందలేదు. అతనే చదివినాడు.