వార్త తెచ్చినవాణ్ణి విచారించాలి

ఒకప్పుడు జగ్గయ్యపేటలో గాని, నందిగామలో గాని ఎవరైనా షేర్లు కొనదలచుకుంటే విజయవాడ దాకా వెళ్లి బ్రోకరు ఆఫీసు మెట్లు ఎక్కవలసి వచ్చేది. నేడు ఆ మార్కెట్టు లారీ డ్రైవరు జేబులో, మెకానిక్ షెడ్డులో, టైలరు మిషను పక్కన, మిర్చి కొట్టు గుమాస్తా చేతిలో ఉంది. హైదరాబాదుకూ విజయవాడకూ మధ్య హైవే మీద ఉన్న ఈ రెండు పట్టణాల యువకులు డీమ్యాట్ ఖాతా తెరవడానికి ఎవరినీ అడగనవసరం లేదు. ఆధార్, పాన్, బ్యాంకు ఖాతా, ఒక ఫోను ఉంటే చాలు. అయితే ఖాతా తెరవడం సులువైనంతగా సరైన సమాచారం దొరకడం సులువు కాలేదు. ఏ యాప్ చూడాలి? ఏ వార్తను నమ్మాలి? ఏ కంపెనీ హలాల్ అని ఎవరు చెప్పాలి? ఈ ప్రశ్నలను ముస్లిం కుటుంబాలు తేలికగా తీసుకోరాదని మేము భావిస్తున్నాము.

హక్కుల పత్రికకు షేర్ మార్కెట్టుతో పనేమిటని కొందరు అడగవచ్చు. ముస్లింలకు బ్యాంకు రుణాలు వారి జనాభాకు తగిన మోతాదులో అందడం లేదని 2006 నాటి సచార్ కమిటీ నివేదిక తేల్చి చెప్పింది. వడ్డీ లేని బ్యాంకింగ్‌కు అవకాశం కల్పించాలని 2008లో రఘురామ్ రాజన్ కమిటీ సూచించింది. దాన్ని ముందుకు తీసుకువెళ్లేది లేదని 2017లో రిజర్వ్ బ్యాంకు స్పష్టం చేసింది. 2014 డిసెంబరులో స్టేట్ బ్యాంకు ప్రారంభించవలసిన షరియా ఈక్విటీ ఫండు చివరి నిమిషంలో వాయిదా పడింది. వడ్డీకి దూరంగా ఉండాలనుకునే కుటుంబం తన కష్టార్జితాన్ని ఎక్కడ దాచుకోవాలన్న ప్రశ్నకు రాజ్యం సరైన జవాబు ఇవ్వలేదు. ఆ ఖాళీలోకే ‘హలాల్ వ్యాపారం’ అన్న బోర్డుతో కొందరు ప్రవేశించారు.

ఫలితం అందరికీ తెలిసిందే. తిరుపతిలో మొదలై హైదరాబాదు కేంద్రంగా విస్తరించిన హీరా గ్రూపు అధినేత్రిని 2018 అక్టోబరులో పోలీసులు అరెస్టు చేశారు. బెంగళూరులోని ఐఎంఏ సంస్థ అధిపతి 2019 జూన్‌లో దేశం విడిచి వెళ్లి, జూలైలో ఢిల్లీలో పట్టుబడ్డాడు. రెండు చోట్లా డబ్బు కట్టినవారిలో అత్యధికులు మనవాళ్లే. బిడ్డల పెళ్లికి దాచినది, గల్ఫ్ నుంచి పంపినది, తల్లుల నగలు అమ్మినది అందులో పోశారు. ఇది ముస్లింలకు మాత్రమే పట్టిన గతి కాదు. విజయవాడ కేంద్రంగా నడిచిన అగ్రిగోల్డ్ అన్ని మతాల పేదలనూ ముంచింది. అయితే మన విషయంలో ధర్మాన్నే ఎరగా వేశారు. గడ్డం, బురఖా, బిస్మిల్లా చూసి నమ్మినవారు ఆ సంస్థ లెక్కల పుస్తకం చూపమని అడగలేదు.

ఖురాన్‌లో హుజురాత్ సూరా ఆరవ ఆయత్, నమ్మదగని వ్యక్తి వార్త తెస్తే విచారించి తెలుసుకోమని విశ్వాసులను ఆదేశిస్తుంది. ఎరుగక ఎవరికైనా హాని చేసి పశ్చాత్తాపపడే స్థితి రాకూడదన్నది దాని ఉద్దేశం. బఖరా సూరాలోని 282వ ఆయత్ అప్పుల ఒప్పందాలను రాసి పెట్టుకోమంటుంది. విచారణ, లిఖిత సాక్ష్యం అనే ఈ రెండు సూత్రాలు చాలు, నేటి యాప్‌లనూ వెబ్‌సైట్లనూ తూచడానికి.

డబ్బు వార్తలు తెచ్చేవారు నాలుగు రకాలు. మొదటిది మూలం. నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజి, బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజి, సెబీ వెబ్‌సైట్లు ఈ కోవలోవి. లిస్టయిన కంపెనీ సాధారణంగా మూడు నెలలకొకసారి, త్రైమాసికం ముగిసిన 45 రోజులలోగా తన ఫలితాలను ఎక్స్ఛేంజీకి సమర్పించాలి. ఏడాది మొత్తం లెక్కలకు గడువు 60 రోజులు. ఎవరి దగ్గర ఎన్ని షేర్లు ఉన్నాయో, యజమానులు తమ షేర్లను ఎంత వరకు తాకట్టు పెట్టారో కూడా అక్కడే తెలుస్తుంది. పైసా ఖర్చు లేదు. అయితే అవన్నీ ఇంగ్లీషులో ఉంటాయి, చూడడానికి భయపెడతాయి.

రెండవది సంకలనం. స్క్రీనర్, టిక్కర్‌టేప్, ట్రెండ్‌లైన్ వంటివి ఆ మూలం నుంచే అంకెలు తీసుకుని పదేళ్ల అమ్మకాలు, లాభం, అప్పు ఒకే పేజీలో చూపుతాయి. కొత్తవారికి ఇవి ఎంతో మేలు. రోజూ వాడుకునే పనికి వీటి ఉచిత భాగమే సరిపోతుంది. డబ్బు కట్టే ముందు, ఆ కట్టే డబ్బు వల్ల అదనంగా ఏం తెలుస్తుందో ప్రశ్నించుకోవాలి. ఒక్క కంపెనీ లెక్కలా, దాని అనుబంధ సంస్థలతో కలిపిన లెక్కలా అన్నది తప్పక గమనించాలి. ముఖ్యమైన అంకెను ఒకసారి వార్షిక నివేదికతో సరిచూసుకోవాలి. కృత్రిమ మేధ యాప్‌లు చెప్పే అంకెలకైతే ఈ సరిచూడడం మరీ అవసరం. అవి తడుముకోకుండా తప్పు చెప్పగలవు.

మూడవది వార్త. మనీకంట్రోల్, ఎకనామిక్ టైమ్స్, మింట్, బిజినెస్‌లైన్ వంటివి ఏం జరిగిందో చెబుతాయి. కానీ వార్త వేరు, అభిప్రాయం వేరు. ఫలానా షేరు ఫలానా ధరకు వెళుతుందని ఒక బ్రోకరు సంస్థ అన్న మాటను పత్రిక ప్రచురించినంత మాత్రాన అది నిజం కాదు. మీరు కొన్నా అమ్మినా బ్రోకరుకు కమీషను వస్తుందన్న సంగతి గుర్తుంచుకోవాలి.

నాలుగవది చిట్కా. వాట్సాప్ గ్రూపులు, టెలిగ్రామ్ చానళ్లు, యూట్యూబ్ వీడియోలు ఈ రకం. మన పట్టణాలలో ఎక్కువమందికి మొదట చేరేది ఇదే, ఎందుకంటే ఇది తెలుగులో, ఉర్దూలో మాట్లాడుతుంది. ‘రేపు పొద్దున ఇది కొనండి’ అని డబ్బు తీసుకుని చెప్పేవాడికి సెబీ రిజిస్ట్రేషన్ ఉండి తీరాలి. పరిశోధకుడి నంబరు ఐఎన్‌హెచ్ అనీ, సలహాదారుడి నంబరు ఐఎన్‌ఏ అనీ, బ్రోకరుది ఐఎన్‌జడ్ అనీ మొదలవుతుంది. ఆ నంబరు అడిగి, సెబీ వెబ్‌సైట్‌లో సరిచూడండి. నంబరు చెప్పనివాడు ఎంత వినయంగా సలాము చేసినా అతని గ్రూపు నుంచి బయటికి రండి. అప్పటికే డబ్బు పంపి మోసపోతే పరువు కోసం దాచకుండా వెంటనే 1930 నంబరుకు ఫోను చేయండి. ఆలస్యమయ్యే కొద్దీ ఆ డబ్బును ఆపడం కష్టమవుతుంది.

ఇక హలాల్ ప్రశ్న. ఇస్లామిక్లీ, ముసఫ్ఫా వంటి యాప్‌లు కంపెనీ పేరు కొట్టగానే తీర్పు చెబుతాయి. ఒక యాప్ సమ్మతమన్నది మరొకటి కాదనడం చూసి చాలామంది కలవరపడుతున్నారు. ఇందులో మోసమేమీ లేదు, కొలమానాలే వేరు. అయోఫీ ప్రమాణం ప్రకారం వడ్డీ అప్పు కంపెనీ మార్కెట్ విలువలో 30 శాతం మించరాదు, నిషిద్ధ ఆదాయం 5 శాతం మించరాదు. ఎస్ అండ్ పీ షరియా సూచీలు 36 నెలల సగటు మార్కెట్ విలువ తీసుకుని 33 శాతం హద్దు పెడతాయి. ఎంఎస్‌సీఐ మార్కెట్ విలువను కాక మొత్తం ఆస్తులను కొలుస్తుంది.

ఉదాహరణకు ఒక కంపెనీకి 280 కోట్ల అప్పు, 1,000 కోట్ల మార్కెట్ విలువ, 1,200 కోట్ల ఆస్తులు ఉన్నాయనుకుందాం. మార్కెట్ విలువతో చూస్తే అప్పు 28 శాతం, సమ్మతమే. షేరు ధర పడి విలువ 800 కోట్లకు దిగితే అదే అప్పు 35 శాతమవుతుంది. ఆస్తులతో చూస్తే మాత్రం 23 శాతమే. కంపెనీ ఒక్క రూపాయి కొత్త అప్పు చేయలేదు, తీర్పు మారిపోయింది. అందుకే యాప్ చూపే ఆకుపచ్చ గుర్తుతో ఆగిపోరాదు. ఏ ప్రమాణం వాడింది, ఏ తేదీ లెక్క తీసుకుంది, ఏ ఆలిములు పర్యవేక్షిస్తున్నారు అన్న మూడు సంగతులు చెప్పే యాప్‌నే ఎంచుకోవాలి. ఒక ప్రమాణాన్ని మీరు నమ్మే ఆలిమును అడిగి నిశ్చయించుకుని దానికే కట్టుబడాలి. మనసుకు నచ్చిన కంపెనీ సమ్మతమయ్యే దాకా యాప్‌లు మార్చుకుంటూ పోవడం ధర్మం కాదు.

అభ్యాసానికి దూరం వెళ్లనవసరం లేదు. జగ్గయ్యపేట దగ్గరి జయంతీపురంలో ఫ్యాక్టరీ ఉన్న రామ్‌కో సిమెంట్స్, ముక్త్యాలలో ఫ్యాక్టరీ ఉన్న కేసీపీ రెండూ లిస్టయిన కంపెనీలే. వాటి లారీలు నడిపేవారూ, యంత్రాలు బాగుచేసేవారూ మన ఇళ్లలో ఉన్నారు. ఈ రెండింటి వార్షిక నివేదికలు తెరిచి వ్యాపారం ఏమిటి, అప్పు ఎంత, వడ్డీ రూపంలో వచ్చిన ఆదాయం ఎంత అని మీరే లెక్క కట్టండి. తర్వాత యాప్ తీర్పుతో పోల్చండి. కొనమనో వద్దనో మేము చెప్పడం లేదు. కంటికి ఎదురుగా ఉన్న కంపెనీ లెక్క చదవడం వచ్చినవారిని ముంబయి కంపెనీ పేరుతో మోసగించడం కష్టమని మాత్రమే చెబుతున్నాము.

ఎన్ని పరికరాలున్నా దగ్గరకు పోకూడని గుమ్మం ఒకటుంది. ఫ్యూచర్స్, ఆప్షన్స్ వ్యాపారంలో 2021–22 నుంచి 2023–24 వరకు మూడేళ్లలో 93 శాతం వ్యక్తిగత వ్యాపారులు నష్టపోయారని, వారి మొత్తం నష్టం 1.8 లక్షల కోట్ల రూపాయలు దాటిందని సెబీ 2024 సెప్టెంబరులో ప్రకటించింది. 2024–25లోనూ 91 శాతం మంది నష్టపోయారు. ఆప్షన్ ఒప్పందాలు ధర్మసమ్మతం కావని అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ 1992లోనే తీర్మానించింది. అంకెలూ ఫిఖ్ శాస్త్రమూ ఒకే మాట చెబుతున్నప్పుడు మన యువకులకు వేరే సాక్ష్యం ఎందుకు?

బాధ్యత అంతా కుటుంబాల మీద మోపడం న్యాయం కాదు. అనుమతి లేని డిపాజిట్ పథకాలను నిషేధిస్తూ 2019లో పార్లమెంటు చట్టం చేసింది. దాన్ని జనం మునిగిన తర్వాత కాక ముందే అమలు చేయాలి. 2022 ఏప్రిల్‌లో ఎన్టీఆర్ జిల్లా ఏర్పడి, నందిగామ రెవెన్యూ డివిజన్ కేంద్రమయింది. మదుపరుల అవగాహన సదస్సులు విజయవాడ హోటళ్లకు పరిమితం కాకుండా ఈ డివిజన్‌లోని పట్టణాలకు రావాలి. హెచ్చరికలు తెలుగులోనూ ఉర్దూలోనూ రావాలి. మోసగాడు మన భాషలో మాట్లాడుతుంటే రక్షకుడు ఇంగ్లీషులో మాట్లాడడం రక్షణ అనిపించుకోదు. వడ్డీ లేని బ్యాంకింగ్ కోసం మన డిమాండును కూడా వదులుకోరాదు. దారి మూసి ఉంచినంత కాలం పక్కదారి చూపేవాడు వస్తూనే ఉంటాడు.

మసీదు కమిటీలకూ మా విజ్ఞప్తి ఒకటి. మసీదు ఆవరణలో ఏ పెట్టుబడి సంస్థ ప్రచారానికీ చోటివ్వకండి. దానికి బదులు లెక్కలు చదవగల మన కామర్స్ విద్యార్థులను నెలకొకసారి కూర్చోబెట్టి, వచ్చినవారికి సెబీ నంబరు సరిచూడడం నేర్పించండి. సొమ్ము మన దగ్గర అమానత్. దానికి కాపలా కాయడం పిల్లలకు మనం చేసే న్యాయం.