ముప్పయి నిమిషాల మతిమరుపు

జావా చదివే మిత్రుణ్ణి ఎవరినైనా ఆపి "సెషన్‌కూ అప్లికేషన్‌కూ తేడా ఏమప్పా?" అని అడిగి చూడండి. "సెషన్ ఒక్క యూజరుకు, అప్లికేషన్ అందరికీ" అని ఠక్కున అప్పజెబుతాడు. రెండు మార్కులూ వస్తాయి, వైవా గట్టెక్కుతుంది. కానీ ఆ ఒక్క వాక్యాన్ని బట్టీ పట్టి వదిలేసినందువల్ల సత్యవేడు బజారులో నెట్ సెంటరు బెంచీ మీద కూర్చున్న పిల్లవాడికి జరిగే నష్టం ఏ ప్రశ్నపత్రంలోనూ రాదు.

అసలు సంగతి ఏమిటంటే, వెబ్‌కు పుట్టుకతోనే జ్ఞాపకం లేదు. బ్రౌజరు అడుగుతుంది, సర్వర్ జవాబిస్తుంది, అంతటితో సరి. మరుక్షణం మీరెవరో దానికి తెలియదు. 1994లో నెట్‌స్కేప్ కంపెనీలో లూ మోంటుల్లీ అనే ఇంజనీరు దీనికి కుకీ అనే ఉపాయం కనిపెట్టాడు. జావా సర్వ్‌లెట్లు దాన్నే వాడుకుంటున్నాయి. తిరుమలలో సెల్‌ఫోన్లు దాచే కౌంటరు మనకందరికీ ఎరుకే గదా! ఫోను లోపల ఉంటుంది, మన చేతిలో ఉండేది చీటీ మాత్రమే. జెసెషన్‌ఐడి అనే కుకీ ఆ చీటీ. అసలు సరుకు సర్వర్ మెమరీలో ఉంటుంది. చీటీ ఇంకొకడి చేతిలో పడితే సరుకూ వాడిదే. ఎంతసేపటికీ ఎవరూ రాకపోతే సర్వర్ ఆ సరుకును పారేస్తుంది. టామ్‌క్యాట్‌లో మనం ఏమీ మార్చకపోతే ఆ గడువు 30 నిమిషాలు.

ఇక్కడే ఒక కిటుకు ఉంది. ఫారం నింపుతూ టైపు చేస్తున్నంతసేపూ సర్వర్‌కు ఏ కబురూ అందదు. బటను నొక్కితేనే అందుతుంది. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ టైపు చేసేవాడూ, లేచి వెళ్ళిపోయినవాడూ దాని లెక్కలో ఒకటే!

ఇప్పుడు ఆ పిల్లవాడి మాట. స్కాలర్‌షిప్ దరఖాస్తు అయిదు పేజీలు. నాలుగో పేజీలో ఆదాయ ధ్రువపత్రం నంబరు అడిగింది. నాయన షిఫ్టులో ఉన్నాడు, ఫోను ఎత్తడు. అమ్మకు చేస్తే పెట్టె తీసి, కాగితం వెదికి, పక్కింటి పాపను పిలిచి చదివించేసరికి ముప్పావుగంట. నంబరు వేసి బటను నొక్కగానే "సెషన్ ముగిసింది, మళ్ళీ లాగిన్ అవండి". నాలుగు పేజీలూ మాయం. నెట్ సెంటరాయనకు ఇంకో గంట డబ్బులు. ఊరికి పోయే బస్సు ఉంటుందో లేదో. ఆ రోజే ఆఖరు తేదీ అయితే ఆ పిల్లవాడి సంవత్సరం మాటేమిటి?

ఇది లైను తప్పు, కరెంటు తప్పు అని సరిపెట్టుకుంటున్నాం. కాదు సుమా! ఇది ప్రోగ్రామరు చేసిన నిర్ణయం. నాలుగు పేజీల కష్టాన్ని డేటాబేసులో రాయకుండా సెట్‌అట్రిబ్యూట్ అని ఒక్క లైనుతో సెషన్‌లో పడేసిన నిర్ణయం.

"అయితే గడువు మూడు గంటలు పెడితే పోలేదా?" అంటారు కొందరు. పోదు. నెట్ సెంటరు కంప్యూటరు ఒక్కరిది కాదు. ఒకడు లాగౌట్ మరిచి లేచిపోతే తర్వాత కూర్చున్నవాడికి వాడి ఆధార్ నంబరూ, బ్యాంకు ఖాతా నంబరూ కళ్ళముందే ఉంటాయి. గడువు తక్కువగా ఉండటమే మంచిది. అయితే ఆ గడువుతో పోవలసింది లాగిన్ మాత్రమే, చేసిన పని కాదు. సెషన్‌లో "ఇతనెవరు" అన్నంత వరకు ఉంచి, నింపిన ప్రతి పేజీనీ చిత్తుప్రతిగా డేటాబేసులో దాచాలి. మళ్ళీ లాగిన్ అయితే నాలుగో పేజీ దగ్గరే తలుపు తెరుచుకోవాలి. డేటాబేసు నిండిపోతుందని వాదించేవారు చిన్న లెక్క వేసుకోవాలి. మనిషికి 50 కిలోబైట్ల సెషన్, ఆఖరు రోజున 20,000 మంది అనుకుంటే, ఒక్క గిగాబైటు మెమరీ అందులోనే పోతుంది. సర్వర్ పడిపోతే అందరిదీ ఒక్కసారే పోతుంది. అదే డిస్కు మీద ఒక గిగాబైటు ఏ మూలకు?

వెబ్ ప్రమాణాలు రాసే సంస్థ గడువు ముగిసే ముందు హెచ్చరించి, పొడిగించుకోవడానికి కనీసం 20 సెకన్లు వ్యవధి ఇవ్వడం ఒక మార్గమని 2008 నుంచీ చెబుతూనే ఉంది. దాన్ని మన ల్యాబ్ రికార్డుల్లో నేను ఎక్కడా చూడలేదు. అక్కడ మనం రాసేది "మీరు ఈ పేజీకి వచ్చింది అయిదోసారి" అని లెక్క చెప్పే ప్రోగ్రాము!

అప్లికేషన్ స్థాయి కథ వేరు. అది గోడ మీద ధరల బోర్డు వంటిది, అందరూ చూస్తారు. జిల్లాల పేర్ల వంటివి సర్వర్ మొదలయ్యేటప్పుడే సర్వ్‌లెట్ కాంటెక్స్ట్‌లో పెట్టడం మామూలే. బోర్డు మార్చవలసిన రోజు వచ్చినప్పుడే చిక్కు. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయినప్పుడు మన సత్యవేడు చిత్తూరు నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చింది. ఒకే అప్లికేషన్ నాలుగు సర్వర్ల మీద నడుస్తుంటే కాంటెక్స్ట్ ఒకటి కాదు, నాలుగు. మూడింటిలో జాబితా మార్చి నాలుగోది మరిస్తే, ఒకే మనిషికి ఒక పేజీలో తిరుపతీ ఇంకో పేజీలో చిత్తూరూ కనబడతాయి. రెండు పేజీల్లో జిల్లా పేరు కలవలేదని దరఖాస్తు వెనక్కి వస్తే పాపం ఎవరిది? ఇక ఒక మనిషి వివరాలను ఈ బోర్డు మీదా, సర్వ్‌లెట్ సొంత వేరియబుల్‌లోనూ పెట్టేవారు ఉన్నారు. సర్వ్‌లెట్ ఒక్కటే, దాన్ని వాడేవారు వేలమంది. ఒకరి మార్కులు ఇంకొకరికి కనబడటానికి అంతకంటే ఏం కావాలి?

కాబట్టి మన అధ్యాపకులకు ఒక మనవి. ప్రాజెక్టు వైవా రోజున మా చేత ఫారం సగం నింపించండి. ఆ తర్వాత మమ్మల్ని టీ తాగి రమ్మని పంపి, మేం తిరిగి వచ్చేలోగా సర్వర్‌ను ఒకసారి ఆపి మళ్ళీ వేయండి. నింపిన సగం అక్కడే ఉంటే మార్కులు వేయండి.