ప్రాజెక్టు పనులు జిరాక్స్ షాపుకెందుకొస్తున్నాయి?



నాది బలిఘట్టం. నర్సీపట్నంలో జిరాక్స్ షాపు నడుపుతాను. ఫార్మేటివ్ పరీక్షలు దగ్గరపడ్డాయంటే మా షాపు ముందు యూనిఫాంలు బారులు తీరతాయి. ‘నీటి కాలుష్యం’ ప్రాజెక్టు కావాలని ఒకడు అడిగితే, వెనకున్నవాళ్ళు ‘నాకూ అదే అన్నా’ అంటారు. పేరుకీ రోల్ నంబరుకీ ఖాళీ వదిలేసి ఒకే ఫైలు తరగతి మొత్తానికి తీసిస్తాను. రంగుల అట్ట కావాలంటే ఇంకాస్త ఎక్కువ. బేరం బాగానే ఉంటుంది. ఆ కాగితాలను మాత్రం ఇచ్చినవాడూ చదవడు, పుచ్చుకున్నవారూ చదవరు.

పిల్లలకు నాలుగు వాక్యాలు రాయడం రాకపోతే తెలుగు మాస్టార్ని తప్పుపట్టడం మనకు అలవాటు. సైన్సు, సోషలు, లెక్కల మాస్టార్లు కూడా వారానికో పేరా పిల్లల చేత రాయించాలని నేనంటాను. దానికి మార్కులు వేయకూడదు. మార్కు పెట్టిన మర్నాడే అది నా షాపుకొచ్చేస్తుంది.

పదో తరగతిలో ఇంతకుముందు 20 మార్కులు ఇంటర్నల్స్‌కు కేటాయించేవారు. రాతపనులు, ప్రాజెక్టులు అందులోవే. చాలాచోట్ల అందరికీ ఇరవైకి ఇరవై వేసేస్తున్నారన్న విమర్శలొచ్చి, 2019లో మన ప్రభుత్వం వాటిని ఎత్తేసింది. మంచిదే. కానీ మార్కులతోపాటు, పిల్లలతో రాయించాలన్న ఆలోచన కూడా పోయింది. సోషల్ పేపర్లో పేరా ఇచ్చి ‘వ్యాఖ్యానించండి’ అంటారు. ఆ వ్యాఖ్యానం కూడా గైడులో అచ్చయి ఉంటుంది!

రాయించడానికి విషయాలు మన చుట్టూనే ఉన్నాయి. శివరాత్రికి జనం స్నానాలకొచ్చే మా వరాహ నది బలిఘట్టం దగ్గర ఉత్తరానికి పారుతుంది. చివరికి కలిసేది మాత్రం తూర్పున సముద్రంలోనే. ఇక్కడెందుకు మలుపు తిరిగింది? ఏటి ఒడ్డున నిలబడి పల్లం ఎటుందో, రాయి ఎక్కడ అడ్డొచ్చిందో చూసిన పిల్లవాడు రాసేది ఏ గైడులోనూ దొరకదు. 1922 మన్యం తిరుగుబాటుకు కారణాలు అడిగితే పిల్లలు పాయింట్లు అప్పజెప్పేస్తారు. నర్సీపట్నం నుంచి లంబసింగి వెళ్ళే రోడ్డు పనుల్లో మన్యం వాళ్ళకు సరైన కూలి ఇవ్వకపోవడం అందులో ఒకటి. ఆ దారిన బస్సులో వెళ్ళొచ్చిన పిల్లను, ఆనాటి కూలీ కలెక్టరుకు అర్జీ పెడితే ఎలా ఉంటుందో రాయమనండి. లెక్కల్లో చక్రవడ్డీ చేసినవాణ్ణి, వాళ్ళమ్మ డ్వాక్రా అప్పు మీద వడ్డీ ఎలా పెరుగుతుందో అంకెల్లేకుండా ఆవిడకి అర్థమయ్యేట్టు రాయమనండి. సూత్రం బట్టీపట్టినవాడు అక్కడే దొరికిపోతాడు.

ఇదేమీ నేను కనిపెట్టింది కాదు. ఏ సబ్జెక్టు చెప్పినా భాష నేర్పే పూచీ ఆ టీచరుకూ ఉందని ఇంగ్లాండులో బుల్లక్ కమిటీ 1975లోనే చెప్పింది. 2015లో మొదలైన రెండేళ్ళ బీఈడీలో దీనికోసం ఒక పేపరే ఉంది. అంటే ఇప్పుడొస్తున్న కొత్త మాస్టార్లలో చాలామంది ఇది చదివి వచ్చినవాళ్ళే.

ఇంగ్లీషు మీడియంలో ఇదెలా కుదురుతుందంటారు. ఒక పేజీలో తెలుగు, పక్క పేజీలో ఇంగ్లీషు వేసి ప్రభుత్వమే పుస్తకాలిస్తోంది కదా. ఆ పేరాను ముందు తెలుగులోనే రాయనివ్వండి, మా ఏటవతలి యాసలోనైనా సరే. బడిపిల్లల రాతల్లో వాడుక భాష ఉండాలని గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడి నుంచి పోరాడి వందేళ్ళు దాటింది. ఆ పోరాటం మళ్ళీ మొదలుపెట్టక్కర్లేదు.

మాస్టార్లకు తీరికేదన్నది మాత్రం న్యాయమైన ప్రశ్న. మధ్యాహ్న భోజనం లెక్కలు, యాప్‌లో ఫొటోలు చాలక ఇదొకటా అని వాళ్ళు విసుక్కోవచ్చు. అందుకే ప్రతి కాగితమూ దిద్దొద్దంటున్నాను. వారానికి ఐదారు తీసి తరగతిలో గట్టిగా చదివిస్తే చాలు. ఒత్తులు, దీర్ఘాలు తెలుగు మాస్టారు చూసుకుంటారు. విషయం అర్థమైందా లేదా అన్నదే మిగతావాళ్ళు చూడాల్సింది.

అనకాపల్లి జిల్లా విద్యాశాఖాధికారి వారు జూన్‌లో బడులు తెరవగానే ఆరు నుంచి తొమ్మిదో తరగతి దాకా దీన్ని మొదలుపెట్టించాలని కోరుతున్నాను. ఫలితాల భయం ఉంది కాబట్టి పదో తరగతి జోలికి ఇప్పుడే వెళ్ళొద్దు. ఆ కాగితాలను పైకి పంపమని, ఫొటో తీసి అప్‌లోడ్ చేయమని మాత్రం దయచేసి సర్క్యులర్ ఇవ్వకండి.

ఇట్లు,
ఒక జిరాక్స్ షాపు యజమాని,
బలిఘట్టం, నర్సీపట్నం