మెడలో పైపు దారి తప్పితే

కోదాడ, మిర్యాలగూడ వైపు కిడ్నీ రోగికి ఒకప్పుడు డయాలసిస్ అంటే వారానికి రెండు మూడుసార్లు హైదరాబాద్ ప్రయాణమే. ఇప్పుడు ఇక్కడే మిషన్లు నడుస్తున్నాయి. సూర్యాపేటకు 2019లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ కూడా వచ్చింది. రోగుల కుటుంబాలకు ఇది ఎంత ఊరటో చెప్పనక్కర్లేదు. కాకపోతే మిషన్‌కు రక్తం అందించే దారి మీద కూడా అంతే శ్రద్ధ పెట్టాలి.

ఆయాసంతో, ఒళ్లంతా నీరు పట్టి వచ్చిన మనిషికి డాక్టర్లు ముందు మెడలో పైపు వేస్తారు. దాని మందం దాదాపు 4 మిల్లీమీటర్లు. అది వెళ్లాల్సిన సిరను ఆనుకునే మెదడుకు రక్తం తీసుకెళ్లే ధమని ఉంటుంది. అల్ట్రాసౌండ్ ప్రోబ్‌తో మెత్తగా నొక్కితే సిర అణిగిపోతుంది, ధమని మాత్రం కొట్టుకుంటూనే ఉంటుంది. ఆ తేడా తెర మీద చూసుకుంటూ సూది వేస్తే ప్రమాదం బాగా తగ్గుతుంది. రక్తం రంగును నమ్ముకోకూడదు. ఆక్సిజన్ తగ్గిన రోగిలో ధమని రక్తమూ నల్లగానే కనిపించవచ్చు. పైపు వేశాక ఎక్స్‌రే తీసి, కొస ఎక్కడుందో చూశాకే మిషన్‌కు కలపాలి.

అయినా పైపు ధమనిలోకి పోతే?

పీకకూడదు. కంగారులో చెయ్యి ముందు అటే పోతుంది. కానీ అంత పెద్ద రంధ్రం పైనుంచి అదిమినంత మాత్రాన మూసుకుంటుందన్న నమ్మకం లేదు. రక్తం లోపల గడ్డకట్టి గొంతును నొక్కేయవచ్చు, పక్షవాతమూ రావచ్చు. పైపును క్లాంపు వేసి అలాగే ఉంచి, డయాలసిస్ ఆపి, రక్తనాళాల సర్జన్ దగ్గరికి పంపాలి. సూర్యాపేట నుంచి హైదరాబాద్ 130 కిలోమీటర్లకు పైనే, కోదాడ ఇంకా దూరం. అంబులెన్స్ బయల్దేరేలోపే అక్కడి సర్జన్‌తో మాట్లాడి ఉండాలి. అందుకు ప్రతి డయాలసిస్ కేంద్రానికీ ఒక అల్ట్రాసౌండ్ మిషన్, రాత్రైనా పలికే ఒక సర్జన్ నంబరు ఆరోగ్యశాఖ ఇచ్చి తీరాలి.

అసలు మెడ పైపు తాత్కాలికం. రెండు వారాలు దాటితే ఇన్‌ఫెక్షన్ భయం పెరుగుతుంది. డయాలసిస్ మధ్యలో చలిజ్వరం వచ్చిందంటే ముందు పైపునే అనుమానించాలి. దానికి బదులు చేతిలో సిరను ధమనికి కలిపి చేసే ఫిస్టులా 1966 నుంచి వైద్యానికి తెలిసిందే. అయితే అది వాడకానికి రావడానికి సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. కాబట్టి కిడ్నీలు బాగా దెబ్బతిన్నాయని తేలినప్పుడే ఇంటివాళ్లు ఫిస్టులా సంగతి అడగాలి. ఫిస్టులా చేయాల్సిన చేతికి సెలైన్ పెట్టవద్దని ప్రతి ఆసుపత్రిలోనూ గట్టిగా చెప్పాలి.