చింతిస్తున్నాము, కానీ...

ఆంగ్లంలో ‘రిగ్రెట్’ అనే క్రియాపదం ఒకటుంది. పైకి బహు సాధువు. చైనా విద్యార్థి నిఘంటువు తెరిస్తే దానికి కనబడే అర్థాలలో ‘హోవ్‌హ్వే’ ఒకటి. ‘హోవ్’ అంటే తరువాత, ‘హ్వే’ అంటే చేసినదానికి కుమిలిపోవడం. మన ‘పశ్చాత్తాపం’ కట్టుబడి కూడా అచ్చం అదే కదా! ఎక్కడి చైనా, ఎక్కడి సంస్కృతం! ఆ పోలిక గమనించిననాడు నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు.

చిక్కల్లా ఆ తరువాతే. దరఖాస్తును తిరస్కరించే ఆంగ్ల లేఖ తరచు ఈ క్రియతోనే మొదలవుతుంది. హోవ్‌హ్వే ఒక్కటే నేర్చిన పిల్లవాడు, కాదన్నందుకు వీరు పశ్చాత్తాపపడుతున్నారు, మళ్ళీ అడిగితే ఇస్తారేమో అనుకుంటే తప్పెవరిది? అక్కడ సరిపోయే చైనా మాట ‘యీహాన్’. ఇలా జరిగిందే అన్న వెలితి అందులో ఉంటుంది. తప్పు నాదన్న ఒప్పుకోలు ఉండదు. వ్యాకరణం కొంత ఆనవాలిస్తుంది. వెంట ‘టు ఇన్ఫార్మ్’ వస్తే చేదు కబురు రాబోతోందని, ‘సేయింగ్’ వంటి ‘ఇంగ్’ రూపం వస్తే అన్నమాటకు ఇప్పుడు నొచ్చుకుంటున్నారని. నామవాచకం వస్తే మాత్రం ఏ ఆనవాలూ లేదు. దౌత్యవేత్తలకు ప్రీతిపాత్రమైనది అదే.

2001 ఏప్రిల్ 1న హైనాన్ ద్వీపం సమీపాన అమెరికా నిఘా విమానమూ చైనా యుద్ధవిమానమూ ఢీకొన్నాయి. చైనా పైలట్ వాంగ్ వేయ్ మరణించాడు. హైనాన్‌లో దిగిన అమెరికా విమానంలోని 24 మందిని చైనా 11 రోజులు నిర్బంధించింది. చైనా కోరింది ‘దావ్‌ఛ్యెన్’, అంటే తప్పొప్పుకుని చెప్పే క్షమాపణ. అమెరికా తొలుత ఇచ్చింది ‘రిగ్రెట్’. చాలలేదు. చివరకు ఏప్రిల్ 11 నాటి లేఖలో రెండుచోట్ల ‘వెరీ సారీ’ అని రాశారు. చైనా ప్రభుత్వం దానిని ‘షన్‌బ్యావ్ ఛ్యెన్‌యీ’ అని తన ప్రజలకు వినిపించింది. దావ్‌ఛ్యెన్‌లోని ‘ఛ్యెన్’ ఇందులోనూ ఉంది, గమనించండి! అమెరికా మాత్రం మేము క్షమాపణ చెప్పనే లేదంది. ఎవరి భాషలో వారు నెగ్గారు, సిబ్బంది ఇల్లు చేరారు.

అందుకే ఈ క్రియను నేర్పే గురువులు అర్థం చెప్పి ఊరుకోరాదనీ, వాక్యంలో తప్పు ఎవరి నెత్తిన పడిందో వెతికించాలనీ నా అభిప్రాయం. చైనా పిల్లలకు ఆ లేఖకు మించిన పాఠం లేదు. మనకంటే ఆ శిక్షణ రైల్వేవారే ఇచ్చారు. ‘అసౌకర్యానికి చింతిస్తున్నాము’ అని స్టేషనులో వినబడితే, వారు పశ్చాత్తాపపడుతున్నారని మనలో ఎవరైనా ఎన్నడైనా అనుకున్నామా?