ఊపిరితిత్తుల చుట్టూ నీరు: ఎక్స్‌రే చెప్పేది, చెప్పలేనిది



"నెమ్ము చేసింది", "ఊపిరితిత్తులకు నీరు పట్టింది" అనే మాటలు మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో తరచు వింటుంటాం. వారాల తరబడి దగ్గు, నాలుగడుగులు వేస్తే ఆయాసం, డొక్కలో బరువు. ఆసుపత్రికి వెళితే డాక్టరుగారు ఎక్స్‌రే తీయించి "నీరు చేరింది" అంటారు. ఇంటిల్లిపాదీ ఆ నీటిని గురించే దిగులుపడతారు. కాని నీరు దానంతట అది జబ్బు కాదు, లోపలి జబ్బుకు గుర్తు మాత్రమే. అది క్షయ కావచ్చు, నిమోనియా కావచ్చు, గుండె బలహీనత కావచ్చు, కేన్సరూ కావచ్చు. ఏదో తేల్చుకోవడం ఎలాగన్నదే ఈ నెల మన విషయం.

నీరు ఎక్కడ చేరుతుంది?

ఊపిరితిత్తిని అంటిపెట్టుకొని ఒక పలుచని పొర, ఛాతీ గోడకు లోపలివైపున మరొక పొర ఉంటాయి. వీటిని ప్లూరా అంటారు. రెండింటి మధ్య రాపిడి లేకుండా కొద్ది చెంచాల ద్రవాన్ని దేవుడు అమర్చాడు. కేన్సరు కణాలు ఈ పొర మీదికి ప్రాకినప్పుడు ద్రవం ఎక్కువగా ఊరుతుంది, దానిని పీల్చుకొనే దారులు మూసుకుపోతాయి. అప్పుడు లీటర్ల కొద్దీ నీరు చేరి ఊపిరితిత్తిని నొక్కివేస్తుంది. ఊపిరితిత్తుల కేన్సరులోనే కాదు, రొమ్ము కేన్సరు, అండాశయ కేన్సరు, లింఫు గ్రంథుల కేన్సరులలో కూడా ఇలా జరుగుతుంది.

ఎక్స్‌రే

1895 నవంబరులో జర్మనీ దేశపు శాస్త్రవేత్త రాంట్‌జెన్ కనుగొన్న ఈ కిరణాలే నేటికీ మొదటి పరీక్ష. గాలి నిండిన ఊపిరితిత్తి ఫిల్ములో నల్లగా, నీరు తెల్లగా కనబడతాయి. అయితే నిలబెట్టి ఎదురుగా తీసిన ఎక్స్‌రేలో సుమారు 200 మిల్లీలీటర్లు చేరితేగాని నీరు స్పష్టంగా తెలియదు. ఒక ప్రక్క అంతా తెల్లబడి, శ్వాసనాళం రెండవ ప్రక్కకు నెట్టబడితే నీరు చాలా ఎక్కువగా ఉన్నట్లు. అంతా తెల్లబడినా శ్వాసనాళం కదలకపోతే, లోపల గడ్డ ఏదో గాలి గొట్టాన్ని మూసివేసిందేమోనని డాక్టరు అనుమానిస్తారు.

అల్ట్రాసౌండ్ స్కానింగు

గర్భిణీ స్త్రీలకు చేసే స్కానింగే ఇది. కిరణాల భయం లేదు, నొప్పి లేదు. ఎక్స్‌రేలో కనబడనంత కొద్ది నీటిని కూడా పట్టుకుంటుంది. నీరు ఒకే గదిగా ఉందా, అరలు అరలుగా ఉందా, పొర మీద గడ్డలున్నాయా అన్నది చూపిస్తుంది. అన్నిటికంటె ముఖ్యం, సూది ఎక్కడ వేయాలో చూపిస్తుంది. దీని సాయంతో నీరు తీస్తే ఊపిరితిత్తికి సూది తగిలే ప్రమాదం తగ్గుతుంది.

సి.టి. స్కాను

1971లో ఇంగ్లండులో హౌన్స్‌ఫీల్డ్ రూపొందించిన యంత్రంతో మొదటిసారి రోగి తలను పొరలు పొరలుగా చూడగలిగారు. తరువాత ఛాతీకి కూడా ఆ వసతి వచ్చింది. నరానికి మందు ఎక్కించి తీసే సి.టి.లో ప్లూరా పొర ఒక సెంటీమీటరుకు మించి దళసరిగా ఉండడం, గడ్డలు గడ్డలుగా ఉండడం, ఊపిరితిత్తిని చుట్టూ కమ్ముకొని ఉండడం కేన్సరును సూచిస్తాయి. అసలు గడ్డ ఎక్కడుందో, ఎంతవరకు వ్యాపించిందో కూడా తెలుస్తుంది.

ఫోటో తీర్పు చెప్పదు

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఏ స్కానూ ఒంటరిగా "ఇది కేన్సరే" అని తేల్చలేదు. సూదితో తీసిన నీటిలో కేన్సరు కణాలున్నాయేమో సూక్ష్మదర్శినితో చూడాలి. ఈ పరీక్ష పదిమందిలో ఆరుగురిలో మాత్రమే కేన్సరును పట్టుకుంటుంది. కనుక "నీటిలో ఏమీ లేదు" అని ఒకసారి చెప్పినంత మాత్రాన నిశ్చింతగా ఉండరాదు. అనుమానం మిగిలితే పొర నుండి చిన్న ముక్క తీసి పరీక్షించాలి. గొట్టంతో లోపలికి చూసి ముక్క తీసే థొరకోస్కోపీ పద్ధతిలో పదింట తొమ్మిది వంతులకు పైగా జవాబు దొరుకుతుంది.

మన దేశంలో ఛాతీలో నీటికి క్షయ ఒక పెద్ద కారణం. అందుచేత కొందరు ఎక్స్‌రే చూసి, నీరు పరీక్ష చేయించకుండానే క్షయ మందులు మొదలుపెడతారు. అది క్షయే అయితే మంచిదే. కాని రోగి వయసు మళ్ళినవాడై, చుట్ట, బీడీ అలవాటున్నవాడై, నీరు రక్తం కలిసి ఉండి, తీసిన కొద్ది దినాలకే మరల చేరుతుంటే, నెలల తరబడి ఆ మందులు మింగుతూ కూర్చోవడం కాలాన్ని పోగొట్టుకోవడమే.

మన జిల్లాల తల్లులకు

మన తీరప్రాంతంలో కొందరు స్త్రీలు నిప్పు లోపలికి పెట్టి చుట్ట కాలుస్తారు. ఈ అడ్డపొగ అంగిలి కేన్సరుకు దారితీస్తుందని విశాఖపట్నం వైద్యులు ఏనాడో చూపించారు. పొగాకు ఏ రూపంలోనైనా శరీరానికి శత్రువే. అలాగే రొమ్ములో గడ్డను సిగ్గుచేత భర్తకు కూడా చెప్పకుండా దాచి, చివరకు ఆయాసంతో ఆసుపత్రికి చేరే అక్కచెల్లెళ్ళున్నారు. గడ్డ చిన్నదిగా ఉన్నప్పుడే చూపించుకుంటే ఆ నీరు చేరే దశ చాలావరకు రాకుండా చూసుకోవచ్చు.

ఎక్కడికి వెళ్ళాలి?

ఎక్స్‌రే, స్కానింగు శ్రీకాకుళం, విజయనగరం పట్టణాల్లోనే చేయించుకోవచ్చు. కేన్సరు అనుమానమైతే విశాఖపట్నం కింగ్ జార్జి ఆసుపత్రి ఉంది. అగనంపూడిలో టాటా మెమోరియల్ సంస్థ నడిపే హోమీ భాభా కేన్సరు ఆసుపత్రి ఉంది. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్.టి.ఆర్. వైద్య సేవగా పిలువబడుతున్న పథకం క్రింద అర్హులైన కుటుంబాలకు కేన్సరు చికిత్స లభిస్తుంది. వెళ్ళేటప్పుడు పాత ఎక్స్‌రేలు, స్కాను ఫిల్ములు, రిపోర్టులు అన్నీ ఒక సంచిలో పెట్టుకొని తీసుకువెళ్ళండి. పాతదానిని క్రొత్తదానితో పోల్చి చూడడమే డాక్టరుకు సగం జవాబు.

"నీరు తీస్తే ప్రాణం పోతుంది" అనే భయం వద్దు. ఒకేసారి ఎక్కువ తీయకుండా జాగ్రత్తగా తీస్తారు. తీసిన తరువాత చాలామందికి ఆ రాత్రే కంటికి కునుకు పడుతుంది. మరల మరల చేరే నీటికి పొరలను అతికించే చికిత్స, ఇంటివద్దనే నీరు తీసుకొనే గొట్టం కూడా ఉన్నాయి. కేన్సరు వల్ల ఇలా నీరు చేరిందంటే జబ్బు ముదిరిందనే సాధారణంగా అర్థం. అయినా బాధ తగ్గించడానికి, మిగిలిన దినాలు నెమ్మదిగా గడపడానికి చేయగలిగింది ఎంతో ఉంది.

విశ్వాసులకు ఒక మాట

"ప్రార్థన చేయించుకున్నాం, ఇక పరీక్షలెందుకు?" అనేవారున్నారు. రాజైన హిజ్కియా కన్నీటితో ప్రార్థించాడు, దేవుడు ఆలకించాడు. అయినా అతని పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద వేయించినది ప్రవక్తయైన యెషయాయే. పౌలుతో కూడ ప్రయాణించిన లూకా వైద్యుడు. ప్రార్థన, పరీక్ష ఒకదానికొకటి పోటీ కావు. సంఘ పెద్దలారా, మీ సంఘంలో ఎవరైనా నెలకు పైగా దగ్గు, ఆయాసంతో బాధపడుతుంటే వారి కొరకు మోకరించండి. మరునాడు వారిని వెంటబెట్టుకొని ఆసుపత్రికి వెళ్ళండి. బస్సు చార్జీకి, ఒక పూట భోజనానికి కానుక ఇవ్వండి. గాయపడినవానిని తన వాహనం మీద ఎక్కించుకొని పూటకూళ్ళ ఇంటికి చేర్చిన సమరయుడు చేసింది అదే గదా!