దుర్లభమైన కారు - దాని వెల

పాత స్పోర్ట్స్ కారునకు వెల కట్టువారు దుర్లభత్వమొక్కటే ప్రమాణమనుట మాకు సమ్మతము కాదు. అమెరికాలో 1967 నాటి షెవర్లే కార్వెట్‌నే చూడుడు. ఆ యేట తయారైన 22,940 కార్లలో ఎల్-88 ఇంజనుతో వెలువడినవి 20 మాత్రమే. పందెములకై ఉద్దేశించిన ఆ ఇంజనును కోరినవారికి రేడియో లేదు, హీటరు లేదు, ఇక కొనువారెవరు? సంస్థ ప్రకటించినది 430 అశ్వశక్తి. అసలు శక్తి 500 దాటునని తెలిసినవారి లెక్క. అట్టి కారొకటి 2014లో వేలమున 38 లక్షల 50 వేల డాలర్లు పలికినది.

ఎవరికిని రుచింపక అరుదైన రంగునకు ఇంత వెల యేల? ఎల్-88 కారు స్వభావమునే మార్చినది. అందులకే మోసమును పెరిగినది. ఇంజను మార్చవచ్చును, దానిపై అంకెలను మరల చెక్కవచ్చును. పెట్రోలు ట్యాంకును దింపి, దాని పైభాగమున కర్మాగారమువారు అతికించిన కాగితమును చదువవలెను. తాళపత్ర ప్రతిలో లేఖకుని గద్యను మనము వెదకునట్లే యిదియు. ఆ కాగితముగాని, తొలినాటి కొనుగోలు పత్రములుగాని లేని కారునకు, ఎంత మెరసినను, సామాన్యమైన కార్వెట్ వెలకు మించి ఈయరాదని మా నిశ్చితాభిప్రాయము. లక్షలు ధారపోయువారు చిరిగిన కాగితము నడుగుటకు మొగమోటపడుదురు, యేలనో!